మలంలో రక్తం: మొలలేనని మనమే తేల్చుకోవచ్చా?

గత సంచికలో మొలల బాధకు ఉపశమనం అడిగిన ఒక పాఠకునికి జవాబు రాస్తూ, "రక్తం పడుతూ ఉంటే ఒకసారి పరీక్ష చేయించుకోండి" అన్న ఒక్క వాక్యంతో ఆ సంగతిని ముగించాను. ఆ వాక్యాన్ని పట్టుకునే ఈసారి ఉత్తరాలు వచ్చాయి. ఎందుకు చేయించుకోవాలి, ఏ పరీక్ష, మొలలు కాకపోతే మరేమై ఉంటుంది అని అడిగినవారే ఎక్కువ. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్లు ముందుగా చూపే సూచనలకే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు, ఊళ్లు తీసివేశాను.

ప్రశ్న: నా వయసు 38. నాలుగు నెలలుగా వారానికి ఒకటి రెండుసార్లు మలవిసర్జన తరువాత ఎర్రటి రక్తం కనిపిస్తోంది. నొప్పి లేదు. మా అన్నయ్యకు మొలలు ఉన్నాయి కాబట్టి నాకూ అవే అయి ఉంటాయనుకుని మందుల దుకాణంలో అడిగి పైపూత మందు తెచ్చుకున్నాను. రాస్తే పది రోజులు తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఈ వయసులో క్యాన్సర్ గురించి ఆలోచించడం లేనిపోని భయమేనా?

జవాబు: భయపడనక్కరలేదు. కానీ పరీక్ష మాత్రం తప్పనిసరి. మీ వయసువారిలో రక్తం పడటానికి ఎక్కువగా కనిపించే కారణాలు మొలలు, మలద్వారం దగ్గర చీలిక. మీకున్నదీ అవే కావడానికి అవకాశం ఎక్కువ. అయితే "కావచ్చు" అన్న మాటను "అవే" అని మార్చడానికి ఎవరో ఒకరు చూడాలి. నాలుగు నెలలుగా ఎవరూ చూడలేదన్నదే మీ ఉత్తరంలో నన్ను ఆపిన విషయం.

మొలలు మలద్వారం లోపలి రక్తనాళాల మెత్తలు ఉబ్బడం వల్ల వస్తాయి. లోపలి మొలల నుంచి సాధారణంగా మలవిసర్జన చివర తాజా ఎరుపు రంగు రక్తం బొట్లుగా పడుతుంది, నొప్పి ఉండదు. చీలిక అయితే కత్తితో కోసినట్టు నొప్పి ఉంటుంది, అది విసర్జన తరువాత కూడా చాలాసేపు వేధిస్తుంది. ఇక పురీషనాళంలో, అంటే పెద్దపేగు చివరి జానెడు భాగంలో, గడ్డ ఉంటే ఎలా ఉంటుందంటే, అప్పుడూ రక్తం తాజా ఎరుపులోనే ఉంటుంది, చాలామందికి నొప్పీ ఉండదు. రంగు చూసి, నొప్పి లేదని చూసి ఇంట్లో కూర్చుని ఈ రెండింటినీ వేరుచేయడం మీకే కాదు, నాకూ సాధ్యం కాదు. రక్తం మలంపైన కాకుండా మలంలో కలిసిపోయి రావడం, ముదురు రంగులో గడ్డలుగా పడటం, జిగురుతో కలిసి రావడం, దాంతోపాటు మలవిసర్జన అలవాటే మారడం, తినే తిండి తగ్గకపోయినా బరువు తగ్గడం అనుమానాన్ని పెంచుతాయి. ఇవేవీ లేవు కనుక ప్రమాదం లేదని మాత్రం అనుకోకూడదు.

మందు రాస్తే తగ్గిందన్నదానిని కూడా రుజువుగా తీసుకోవద్దు. గడ్డ పైపొర రోజూ రక్తం కార్చదు. మలం రాసుకుపోయిన రోజు కారుతుంది, మరికొన్ని రోజులు ఆగుతుంది. ఆగిన రోజుల్లో మనం ఏ మందు వాడుతూ ఉంటే ఆ మందుకే ఆ పేరు దక్కుతుంది.

కొన్నేళ్ల కిందట ఒకాయన నా గదిలోకి వచ్చి, మాట మొదలుపెట్టకముందే జేబులోంచి ఒక ట్యూబు తీసి బల్లమీద పెట్టారు. చివరి నుంచి మడతలు పెట్టి, ఆఖరి బొట్టు దాకా పిండిన పైపూత మందు ట్యూబు అది. ఏడాదిన్నరలో అది తొమ్మిదోదని చెప్పారు. పరీక్షించి చూస్తే ఆయనకు మొలలు నిజంగానే ఉన్నాయి. వాటికి కాస్త పైన, గ్లవ్ వేసుకున్న నా వేలి కొసకు తగిలేంత దూరంలో, గరుకుగా గట్టిగా ఒక గడ్డ కూడా ఉంది. మొలలు క్యాన్సర్‌గా మారవు. కానీ మొలలు ఉన్నవారికి క్యాన్సర్ రాకూడదన్న నియమమేమీ లేదు, రెండూ ఒకేచోట ఉన్నప్పుడు మొదటిది రెండోదానిని కప్పిపెడుతుంది. ఆ ఏడాదిన్నరలో ఆ వేలి పరీక్ష ఒక్కసారి జరిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

మీరు వైద్యుని దగ్గరకు వెళ్తే జరిగేది పెద్ద తతంగమేమీ కాదు. ఎప్పటి నుంచి, ఎంత, ఏ రంగులో అని అడుగుతారు. ఎడమవైపుకు ఒత్తిగిలి పడుకోమని మలద్వారాన్ని కంటితో చూసి, వేలితో పరీక్షిస్తారు. ఇందుకు ఒక నిమిషం కూడా పట్టదు. చిన్న గొట్టం వంటి పరికరంతో లోపలి మొలలను చూస్తారు, రక్తహీనత ఉందేమో తెలుసుకోవడానికి రక్తపరీక్ష రాస్తారు. రక్తం ఎక్కడ నుంచి వస్తోందో అప్పటికీ తేలకపోయినా, మొలలకు చికిత్స చేసిన తరువాత కూడా రక్తం ఆగకపోయినా కొలొనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలి.

వయసు గురించి అడిగారు. పెద్దపేగు క్యాన్సర్ ఇప్పటికీ ఎక్కువగా 50 దాటినవారికే వస్తుంది. కానీ అంతకంటే చిన్న వయసులో వచ్చేవారి సంఖ్య చాలా దేశాల్లో పెరుగుతోంది. 1950 ప్రాంతంలో పుట్టినవారు ఒక వయసులో ఉన్నప్పుడు వారికి ఉండిన ముప్పుతో పోలిస్తే, 1990 ప్రాంతంలో పుట్టినవారికి అదే వయసులో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు రెండింతలు, పురీషనాళ క్యాన్సర్ ముప్పు సుమారు నాలుగింతలు ఉందని అమెరికాలో 2017లో లెక్కగట్టారు. లక్షణాలు లేనివారు కూడా పరీక్షలు మొదలుపెట్టవలసిన వయసును అక్కడి నిపుణుల సంఘం 2021లో 50 నుంచి 45కు తగ్గించింది. నటుడు చాడ్విక్ బోస్మన్‌కు 2016లో మూడో దశలో ఈ వ్యాధి బయటపడింది, 2020లో 43 ఏళ్లకే ఆయన మరణించారు.

50 ఏళ్ల లోపు ఈ క్యాన్సర్ వచ్చిన వేలమంది పాత వైద్య రికార్డులను తిరగేసి 2023లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనం, వ్యాధి నిర్ధారణకు మూడు నెలల నుంచి రెండేళ్ల ముందే నాలుగు సూచనలు కనిపించాయని చెప్పింది. అవి కడుపునొప్పి, మలద్వారం నుంచి రక్తం, తగ్గని విరేచనాలు, ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనత. వీటిలో ఒక్కటి ఉన్నవారికి ముప్పు దాదాపు రెండింతలుగా, మూడు లేదా నాలుగు ఉన్నవారికి ఆరు రెట్ల పైన కనిపించింది. మీ వయసులో అసలు ముప్పే చాలా తక్కువ కనుక రెండింతలైనా అది చిన్న సంఖ్యే. రక్తం కనిపించిన నూరుమందిలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు. మీరు ఆ అత్యధికుల్లో ఒకరని ఈ వారంలోనే తెలుసుకోవచ్చు, ఇంకో నాలుగు నెలలు ఊహించుకుంటూ గడపనవసరం లేదు.

ప్రశ్న: మా అమ్మగారికి 61 ఏళ్లు. ఆరు నెలల కిందట మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 8.2 ఉంది. ఐరన్ మాత్రలు వాడితే 10.5కు పెరిగింది. ఆపిన రెండు నెలలకు మళ్లీ 8.6కు పడిపోయింది. మలవిసర్జనలో ఏ ఇబ్బందీ లేదంటారు, రక్తం ఎప్పుడూ చూడలేదు. మాత్రలు వాడినన్నాళ్లూ మలం నల్లగా వచ్చింది. మళ్లీ మాత్రలు మొదలుపెట్టమంటారా?

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీదే. రక్తం కనిపించినవారు ఎప్పటికైనా వైద్యుని దగ్గరకు వస్తారు. కనిపించనివారు నీరసానికి మందు అడుగుతూ ఉండిపోతారు.

పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు ఉంటుంది. చిన్నపేగు వచ్చి కలిసే కుడివైపు భాగం వెడల్పుగా ఉంటుంది, అక్కడికి చేరే పదార్థం ఇంకా పలుచగా ద్రవంలాగే ఉంటుంది. అందుకే అక్కడ గడ్డ పెరిగినా చాలాకాలం దారికి అడ్డుపడదు, నొప్పి పుట్టించదు, మలవిసర్జన అలవాటును మార్చదు. దాని నుంచి కారే రక్తం మీటరు పైన ప్రయాణం చేసేలోపు మలంలో పూర్తిగా కలిసిపోతుంది కనుక కంటికి కనిపించదు. చాలాసార్లు అది ముందుగా బయటపడే దారి రక్తహీనతే.

ఎంత రక్తం పోతే ఈ స్థితి వస్తుందో చూడండి. ఆరోగ్యవంతుల రక్తంలో మిల్లీలీటరుకు దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. మనం తినే ఆహారం నుంచి పేగు రోజుకు పీల్చుకోగలిగేది మామూలుగా ఒకటి రెండు మిల్లీగ్రాములే. రోజుకు ఒక్క టీ చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు, రక్తం కారితే రెండున్నర మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. రాబడి కంటే పోకడ ఎక్కువైందన్నమాట. శరీరం దాచుకున్న నిల్వను నెలల తరబడి వాడుకుంటూ నెట్టుకొస్తుంది. ఆ నిల్వ అయిపోయాకే హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది. మీ అమ్మగారికి మెట్ల దగ్గర ఆయాసం వచ్చేనాటికి ఈ కథ మొదలై చాలాకాలమై ఉండవచ్చు.

నెలసరి ఆగిపోయిన స్త్రీలలోనూ, ఏ వయసు పురుషులలోనూ ఇనుము లోపం ఉందని తేలితే, తిండి సరిపోవడం లేదని సరిపెట్టుకోకుండా రక్తం ఎక్కడైనా పోతోందేమో చూడటం వైద్యుల మొదటి కర్తవ్యం. బ్రిటన్‌లోని జీర్ణకోశ వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇటువంటివారికి జీర్ణాశయాన్ని చూసే ఎండోస్కోపీ, పెద్దపేగును చూసే కొలొనోస్కోపీ రెండూ చేయాలని చెబుతున్నాయి. ఈ పరీక్షల్లో బయటపడే కారణాలన్నీ క్యాన్సర్లు కావు. నొప్పి మాత్రల వల్ల వచ్చిన పుండ్లు, పేగులో రక్తనాళాల లోపాలు, ఇనుమును పీల్చుకోలేని జబ్బులు కూడా ఉంటాయి. ఏదైనా కావచ్చు, కానీ తెలియాలి. చిల్లు ఎక్కడుందో వెతకకుండా కుండలో నీళ్లు పోస్తూ కూర్చుంటే ఏమవుతుందో మీ అమ్మగారి హిమోగ్లోబిన్ లెక్కలే చెబుతున్నాయి.

కాబట్టి చేయవలసినవి ఇవి. రక్తహీనత ఇనుము లోపం వల్లనే అని నిర్ధారించుకోవడానికి శరీరంలో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష, ఎర్రకణాల సైజు తెలిపే పూర్తి రక్తపరీక్ష చేయించండి. జీర్ణకోశ వ్యాధుల నిపుణునికి చూపించండి. మోకాళ్ల నొప్పులకో గుండెకో మాత్రలు వాడుతుంటే వాటి పేర్లు రాసుకుని వెళ్లండి. మాత్రలు మళ్లీ మొదలుపెట్టవచ్చా అని అడిగారు. మొదలుపెట్టవచ్చు, పరీక్షలకు బదులుగా మాత్రం కాదు. కొలొనోస్కోపీకి సుమారు వారం ముందు ఐరన్ మాత్రలు ఆపమంటారు, ఎందుకంటే అవి పేగు గోడలకు నల్లగా అంటుకుని చూపును అడ్డుకుంటాయి.

ఆ నల్లరంగు గురించి ఒక మాట. ఐరన్ మాత్రల వల్ల మలం నల్లబడటం సహజం. జీర్ణాశయంలో రక్తస్రావమైతే వచ్చే నలుపు తారులాగా నిగనిగలాడుతూ, జిగటగా, విపరీతమైన దుర్వాసనతో ఉంటుంది. మాత్రలు వాడనప్పుడు అటువంటి మలం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నెలసరి ఇంకా వస్తున్న స్త్రీలు కూడా ఇది చదువుతుంటారు కనుక రాస్తున్నాను. మీ రక్తహీనతకు నెలసరినే కారణంగా చూపడం అందరికీ అలవాటు, చాలాసార్లు అది నిజం కూడా. కానీ రక్తస్రావం మామూలుగానే ఉండి రక్తహీనత మాత్రం తిరిగి తిరిగి వస్తుంటే, లేదా కడుపునొప్పి, విరేచనాలు తోడైతే, పేగు సంగతి ఏమిటని మీరే వైద్యుణ్ని అడగండి.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఇన్నేళ్లూ పొద్దున్నే ఒక్కసారి వెళ్తే సరిపోయేది. రెండు నెలలుగా నాలుగైదుసార్లు వెళ్లవలసి వస్తోంది. వెళ్లిన ప్రతిసారీ కొంచెమే వస్తుంది, ఇంకా ఏదో మిగిలి ఉందనిపిస్తుంది. మలం సన్నగా వస్తోంది. మధ్యలో రెండు మూడు రోజులు అసలు రాదు. బరువు 68 కిలోల నుంచి 64కు తగ్గింది. ఐబీఎస్ (పుండూ గడ్డా లేకుండానే పేగు పనితీరు గతి తప్పే జబ్బు) అని ఒక స్నేహితుడు చెప్పాడు. ఇంకొంతకాలం చూడవచ్చా?

జవాబు: ఇంక చూడవద్దు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకూ ఏదైనా మామూలే అని వైద్యశాస్త్రం చెబుతుంది కనుక సంఖ్యకు ప్రాధాన్యం లేదు. ఎవరి మామూలు వారిది. ఆ మామూలు కారణం లేకుండా మారి, మూడు వారాలు దాటినా తిరిగి రాకపోతే అది పట్టించుకోవలసిన సూచన. మీకు రెండు నెలలు దాటాయి.

పెద్దపేగు ఎడమవైపు సన్నగా ఉంటుంది, అక్కడికి వచ్చేసరికి మలం గట్టిపడుతుంది. కాబట్టి అక్కడ గడ్డ పెరిగితే ముందుగా దారే ఇరుకవుతుంది. గట్టి మలం ఆగిపోయి మలబద్ధకంగా తోస్తుంది, వెనుక ఉన్న పలుచటి భాగం సందులోంచి జారివచ్చి విరేచనంగా తోస్తుంది. ఒకే మనిషికి రెండూ మార్చి మార్చి రావడానికి కారణం ఇది. "ఇంకా మిగిలి ఉంది" అన్న భావన పురీషనాళం చెప్పే మాట. లోపల ఉన్నది గడ్డో మలమో దానికి తెలియదు. ఏదో నిండి ఉందని మాత్రమే తెలుస్తుంది, దానిని బయటకు తోయమని రోజంతా పోరుపెడుతుంది. అప్పుడు ఎంత ముక్కినా కాస్త జిగురు తప్ప ఏమీ రాదు.

మలం ఒకటి రెండు రోజులు సన్నగా వస్తే దానికి అర్థమేమీ లేదు, అది అందరికీ జరిగేదే. వారాల తరబడి సన్నగానే వస్తుంటే వేరు సంగతి. ఐబీఎస్ చాలావరకు యౌవనంలో మొదలవుతుంది. అది బరువు తగ్గించదు, రక్తం కార్చదు. 50 దాటాక తొలిసారి ఈ లక్షణాలు వచ్చినవారికి, లోపల చూడకుండా ఐబీఎస్ అన్న పేరు తగిలించకూడదు. తగ్గాలని ప్రయత్నించకుండానే మీ బరువులో ఇరవయ్యో వంతు కంటే ఎక్కువ తగ్గింది, అదొక్కటే చాలు వైద్యుడు మిమ్మల్ని శ్రద్ధగా చూడటానికి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఒక చిన్న పుస్తకంలో రోజుకు ఎన్నిసార్లు, ఎలా వచ్చింది, రక్తమో జిగురో ఉందా, రాత్రి నిద్రలోంచి లేవవలసి వచ్చిందా అన్నవి రాసిపెట్టండి. మలం తీరును ఏడు రకాలుగా బొమ్మలతో చూపే బ్రిస్టల్ పట్టిక ఒకటి 1990ల నుంచి వైద్యుల వాడుకలో ఉంది. మాటల్లో చెప్పడానికి సిగ్గుపడేవారు ఆ నంబరు చెబితే చాలు.

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు. రెండు రోజులుగా మలం, గాలి ఏదీ పోవడం లేదు. పొట్ట బాగా ఉబ్బింది. ఈ ఉదయం రెండుసార్లు వాంతి అయింది. ఏ విరేచనాల మందు మంచిది?

జవాబు: ఈ ఉత్తరం చూసిన వెంటనే పత్రిక కార్యాలయం నుంచి వారికి ఫోన్ చేయించాను. ఇతరుల కోసం ఇక్కడ రాస్తున్నాను. మలంతోపాటు గాలి కూడా ఆగిపోయి, పొట్ట ఉబ్బి, నొప్పి, వాంతులు ఉంటే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు విరేచనాల మందు ఇవ్వకూడదు, మూసుకుపోయిన గొట్టంలో ఒత్తిడి మరింత పెరుగుతుంది. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి. రక్తం ఎక్కువగా పోయి కళ్లు తిరిగినా, చెమటలు పట్టి గుండె దడ వచ్చినా అంతే.

ప్రశ్న: రక్తం అప్పుడప్పుడు కనిపిస్తుంటే మలపరీక్ష చేయించుకున్నాను, నెగెటివ్ వచ్చింది. సీఈఏ అనే రక్తపరీక్ష కూడా నార్మల్ అని వచ్చింది. నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: మీరు చేయించుకున్న మలపరీక్ష ఫిట్ అయి ఉంటుంది. అది కంటికి కనిపించని మానవ రక్తపు జాడను పట్టుకుంటుంది. లక్షణాలు లేనివారిలో ఏటా చేయడానికి అది చక్కని పరీక్ష. కొన్ని దేశాల్లో లక్షణాలు ఉన్నవారిలో ఎవరికి కొలొనోస్కోపీ త్వరగా చేయాలో నిర్ణయించడానికి కూడా వైద్యులు దీనిని వాడుతున్నారు. కానీ మలం తీసిన రోజు రక్తం కారకపోతే ఫలితం నెగెటివ్‌గానే వస్తుంది. కంటికి కనిపిస్తున్న రక్తాన్ని ఆ కాగితం కాదనలేదు. ఇక సీఈఏ సంగతి. కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్ అది. దాని కొలత జబ్బు నిర్ధారణ అయినవారిలో చికిత్స ఎలా పనిచేస్తోందో, జబ్బు తిరగబెట్టిందేమో చూడటానికి ఉపయోగపడుతుంది. తొలిదశ క్యాన్సర్ ఉన్నవారిలో చాలామందికి అది నార్మల్‌గానే ఉంటుంది, క్యాన్సర్ లేకపోయినా పొగతాగేవారిలో పెరగవచ్చు. రక్తం మళ్లీ కనిపిస్తే ఆ రెండు కాగితాలూ పట్టుకునే వైద్యుని దగ్గరకు వెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారికి 47వ ఏట పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. చికిత్స జరిగింది, బాగున్నారు. మా మేనత్తకు గర్భాశయ క్యాన్సర్ వచ్చింది. నా వయసు 36, చెల్లెలికి 31. మా ఇద్దరికీ ఏ లక్షణాలూ లేవు. మేమేమైనా చేయాలా?

జవాబు: చేయాలి. మంచి సమయంలోనే అడిగారు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఒకరికి 60 ఏళ్ల లోపు ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, మిగిలినవారు 40వ ఏట గానీ, ఆ వ్యక్తికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలొనోస్కోపీ మొదలుపెట్టాలి. ఆ తరువాత అయిదేళ్లకోసారి చేయించుకోవాలి. 47 నుంచి పది తీసివేస్తే 37. అంటే మీకు వచ్చే ఏడాది, మీ చెల్లెలికి మరో ఆరేళ్లకు.

అయితే మీ మేనత్త గురించి రాసిన వాక్యం ఈ లెక్కను మార్చేయవచ్చు. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య స్థితిలో, కణాలు విభజన చెందేటప్పుడు డీఎన్ఏలో జరిగే పొరపాట్లను దిద్దే జన్యువులు సరిగా పనిచేయవు. అది ఉన్న కుటుంబాల్లో చిన్న వయసులోనే పెద్దపేగు క్యాన్సర్, స్త్రీలలో గర్భాశయ లోపొర క్యాన్సర్ రావడం కనిపిస్తుంది. మీ మేనత్తకు వచ్చినది గర్భాశయ ముఖద్వారంలోనా, లోపొరలోనా అన్నది ముందు తెలుసుకోండి, ఈ రెండూ వేర్వేరు జబ్బులు. మీ నాన్నగారి గడ్డ నుంచి తీసిన బయాప్సీ ముక్కలు ఆసుపత్రిలో భద్రంగా ఉండే అవకాశం ఉంది. లించ్ సూచనల కోసం వాటిని పరీక్షించారా అని అడగండి. ఆయనలో లోపమున్న జన్యువు దొరికితే మీకూ చెల్లెలికీ ఒక్కొక్కరికి సగం సగం అవకాశం ఉంటుంది, రక్తపరీక్షతో అది తేలిపోతుంది. ఉందని తేలినవారు 20 నుంచి 25 ఏళ్ల మధ్యనే మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలొనోస్కోపీ చేయించుకోవాలి. అప్పుడు మీ చెల్లెలు ఆరేళ్లు ఆగకూడదు. లేదని తేలినవారికి ఆ భారం పూర్తిగా దిగిపోతుంది.

ప్రశ్న: మా వారికి 58 ఏళ్లు. రెండు నెలలుగా మలంలో రక్తం, జిగురు కనిపిస్తున్నాయి. వైద్యులు కొలొనోస్కోపీ రాశారు. ఆయన ససేమిరా అంటున్నారు. అంత లోపలికి గొట్టం పెట్టించుకోవడం పరువుతక్కువ అంటారు, ఏదైనా తేలితే భరించలేనంటారు. మింగే కెమెరా మాత్ర ఉందటగా, దానితో సరిపోదా?

జవాబు: అమ్మా, ఆయన చెప్పిన రెండు కారణాల్లో రెండోదే అసలుదని నా అనుభవం చెబుతోంది. సిగ్గును చాలామంది ఒక్క రోజులో దాటేస్తారు. తేలుతుందేమోనన్న భయమే నెలల తరబడి కదలనివ్వదు. అందుకే ఏమి తేలవచ్చో ముందుగా ఆయనకు చెప్పండి.

మొలలో, పేగు వాపో తేలవచ్చు. పాలిప్ తేలవచ్చు. పాలిప్ అంటే పేగు లోపొర మీద పులిపిరిలాగా మొలిచే చిన్న పెరుగుదల, ఆయన వయసులో ప్రతి నలుగురిలో ఒకరికైనా ఉంటుంది. అన్నీ క్యాన్సర్ కావు, కానీ ఈ క్యాన్సర్లలో అత్యధిక భాగం పాలిప్‌లుగానే మొదలై, మారడానికి సుమారు పదేళ్లు తీసుకుంటాయి. తెరమీద చూస్తే కొన్ని కాడ మీద నిలబడిన పుట్టగొడుగుల్లా ఉంటాయి. కొలొనోస్కోప్ గొట్టంలోంచే సన్నటి తీగ ఉచ్చును పంపి, కాడ చుట్టూ బిగించి, కత్తిరించి తీసేస్తాం. పేగు లోపొరకు కోత నొప్పి తెలియదు కనుక ఆయనకు తెలియను కూడా తెలియదు. మింగే కెమెరాకు చూపే గాని చెయ్యి లేదు. అది ముక్క తీయలేదు, పాలిప్ తీయలేదు. ఏదైనా కనిపిస్తే మళ్లీ కొలొనోస్కోపీకే రావాలి, అందుకే మీవారి వంటివారికి అది చాలదు. పాలిప్‌లు తీయించుకున్నవారిని ఇరవై ఏళ్లకు పైగా గమనిస్తూ వచ్చిన అమెరికా అధ్యయనం ఒకటి, వారిలో ఈ క్యాన్సర్ మరణాలు సాధారణ ప్రజల లెక్కతో పోలిస్తే సగానికి పైగా తగ్గాయని 2012లో తేల్చింది.

క్యాన్సరే తేలినా అది ఏ దశలో ఉందన్నదే ముఖ్యం. అమెరికా లెక్కల్లో, పేగు గోడ దాటకముందే బయటపడినవారిలో పదిమందికి తొమ్మిదిమంది అయిదేళ్ల తరువాత కూడా బతికి ఉంటున్నారు. దూరపు అవయవాలకు పాకాక బయటపడినవారిలో పదిమందికి ఇద్దరు కూడా ఉండటం లేదు. ఆయన పరీక్షకు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా లోపల ఉన్నది ఏదో ఉంది. మనం ఎప్పుడు చూస్తామన్నది మాత్రమే ఆయన చేతిలో ఉంది.

పరీక్షలో నిజంగా కష్టమైనది ముందురోజే. పేగు శుభ్రం కావడానికి ఇచ్చే మందును లీటర్ల కొద్దీ నీటితో తాగాలి, పదేపదే వెళ్లాలి. ఆ మందును చల్లగా చేసి, ఒకేసారి కాకుండా సగం ముందురోజు సాయంత్రం, మిగిలిన సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగితే సులువు, పేగూ బాగా శుభ్రమవుతుంది. చివరికి లేత పసుపు రంగు నీరు మాత్రమే వస్తే సిద్ధమైనట్టు. పరీక్షకు అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది, మత్తు ఇస్తారు కనుక చాలామందికి అది జరిగినట్టు కూడా గుర్తుండదు. శరీరం మీద దుప్పటి కప్పి ఉంటుంది. పేగుకు రంధ్రం పడటం వంటి ప్రమాదం వెయ్యిమందిలో ఒకరికి కూడా జరగదు, కానీ లేకపోలేదు కనుక సంతకం తీసుకుంటారు. చక్కెర వ్యాధికి గానీ, రక్తం పలుచబడటానికి గానీ మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, వాటిని సొంతంగా ఆపకూడదు. అన్నట్టు, రక్తం పలుచబరిచే మందు వల్లే మలంలో రక్తం పడుతోందని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. మందు రక్తాన్ని సులువుగా కారనిస్తుంది గాని, అది కారే చోటు లోపల ఏదో ఉండవచ్చు, అటువంటివారినీ పరీక్షించాలి.

ఆయనతో ఈ మాటలు మీరు చెప్పలేకపోతే పత్రికను ఈ పేజీ దగ్గర తెరిచి ఆయన కూర్చునే చోట పెట్టండి. అప్పటికీ ఒప్పుకోకపోతే, పరీక్ష కోసమని కాకుండా కేవలం మాట్లాడటానికి వైద్యుని దగ్గరకు రమ్మనండి, మీరూ పక్కన కూర్చోండి. తారీఖు అక్కడే అడిగి రాయించుకోండి. పరీక్ష రోజు మత్తు దిగేదాకా ఆయన వాహనం నడపకూడదు కనుక తోడు వెళ్లవలసినది ఎలాగూ మీరే.